నొక్కాక వదలాలి

పెద్దాయన ఆఫీసు బయట లిఫ్టుల కంపెనీ బోర్డు ఉంటుంది. లోపల లిఫ్టు పనిచేయదు. కంపెనీ ఉత్తుత్తిదే అయినా ఆ ఒక్క లిఫ్టయినా బాగుచేయించవచ్చు కదా అని ఏజెంట్ చిటపట ప్రతిసారీ మెట్లెక్కుతూ తిట్టుకుంటాడు. పై అంతస్తు చేరేసరికి ఆ మాట అడగడానికి ఊపిరి మిగలదు.

చిటపట అనే పేరు డిపార్ట్‌మెంట్ వాళ్ళు పెట్టిందే. తుపాకీకి ఎదురుగా నిలబడమంటే నిలబడతాడు గానీ, క్యూలో నిలబడమంటే అతని వల్ల కాదు. లిఫ్టు బటన్ ఒకసారి నొక్కితే చాలదని టకటకా నొక్కుతూనే ఉండే మనుషులుంటారే, ఆ జాతి. ఆ ఉదయం అర్జెంటు పిలుపు అందుకుని, ఆయాసపడుతూ గది తలుపు తోశాడు. లోపల పెద్దాయనకు ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వదినా? నువ్విక్కడేంటి?"

"లిఫ్టులు బాగా అమ్ముడవుతున్నాయా, మరిదిగారూ?" అంది వదిన. ఆ మాటలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

ఆవిడ నీటి సరఫరా సంస్థలో సిస్టమ్స్ ఇంజినీరు. మరిది చేసే అసలు ఉద్యోగం ఏమిటో ఆవిడకు ఆ పొద్దున్నే తెలిసింది. తెలిసినందుకు కోప్పడే తీరిక కూడా లేకుండా పోయింది పాపం.

పెద్దాయన ఉపోద్ఘాతాలు చెప్పే రకం కాదు.

"దుబాసీ తెలుసుగా?"

తెలియకేం. పైకి అనువాదాల ఆఫీసు యజమాని. ఏడు భాషల్లో గడగడా మాట్లాడతాడు, ఏడు భాషల్లోనూ అబద్ధాలే చెబుతాడు. ఒక విదేశీ ముఠాకి ఈ ఊళ్ళో పెద్ద తలకాయ.

"రిజర్వాయర్ గేట్ల సర్వర్ వాడి చేతిలోకి వెళ్ళింది. మధ్యాహ్నం మిల్లు సైరన్ మోగే వేళకి అడుగు గేటు దానంతటదే తెరుచుకునేలా పెట్టాడు. వాడి షరతులకి ప్రభుత్వం ఒప్పుకుంటేనే ఆపుతాడట."

"నీళ్ళే కదా సార్. పోతే పోనివ్వండి. మళ్ళీ వానలు పడవా?"

జవాబు వదిన చెప్పింది.

"అడుగు గేటు కింద సొరంగంలో రిపేరు జరుగుతోంది. పొద్దున్నే మనుషులు దిగారు. వాళ్ళు దిగాక సొరంగం తలుపు కూడా ఆ సర్వరే మూసేసింది. మీ అన్నయ్య లోపల ఉన్నారు."

చిటపట అప్పుడు కూర్చున్నాడు.

అన్నదమ్ములిద్దరికీ పోయిన ఎండాకాలం నుంచి మాటల్లేవు. అన్నయ్య గేట్ల మెకానికల్ ఇంజినీరు. బంధువులందరూ భోజనాల దగ్గర ఉండగా, "వీడికి ఓపిక లేదు. ఇవాళ లిఫ్టులంటాడు, రేపు గొడుగులంటాడు," అన్నాడు. చిటపట విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. నిజం చెప్పాలంటే ఆ కోపం వారం తిరక్కుండానే చల్లారిపోయింది. చల్లారిందని చెప్పాలంటే ఫోన్ చేయాలి. ఫోన్ చేస్తే పెద్దవాడే ముందు చేయాలి. ఇక్కడ ఇతను ఇలా అనుకుంటుంటే అక్కడ ఆయన, కోపం వచ్చింది చిన్నవాడికి కాబట్టి వాడే చేయాలి అనుకుంటూ కూర్చున్నాడు.

"కరెంటు తీసేస్తే?" అన్నాడు చిటపట.

"వరదల్లో కరెంటు పోయినా ఆనకట్ట తెగకూడదని, కరెంటు పోతే గేటు తెరుచుకునేలా కట్టారు."

"తలుపు పగలగొడితే?"

"ఉక్కు తలుపు. కోస్తున్నారు. సైరన్ మోగేలోపల అవదు."

"నువ్వే ఇక్కడి నుంచి సర్వర్‌లోకి దూరలేవా?"

దూరగలిగితే ఇక్కడ కూర్చుని ఉండేదాన్నా అన్నట్టు చూసింది వదిన. అన్ని దారులూ దుబాసీ మూసేశాడు. ఒక్క రిమోట్ కన్సోల్ మాత్రం మిగిలింది. సర్వర్‌కి నేరుగా కీబోర్డు, స్క్రీన్ తగిలించుకుని దాని ముందు కూర్చోవడం లాంటిదే ఈ కన్సోల్. కాకపోతే తీగ చాలా పొడుగు. ఆ కన్సోల్ దుబాసీ గదిలో ఉన్న ఒకే ఒక్క మెషీన్‌కి తెరుచుకుంటుంది. అలాగని పోలీసులతో దాడి చేస్తే, బూట్ల చప్పుడు వినగానే వాడు గేటు అప్పటికప్పుడే తెరిచేస్తాడు. వదినను పంపుదామంటే, ఆ సర్వర్ పెట్టించింది ఆవిడే కాబట్టి ఆవిడ ముఖం ముఠాలో అందరికీ తెలుసు.

"నాకు టైపింగ్ రాదు. రెండు వేళ్ళతో పొడుస్తాను," అన్నాడు చిటపట.

"చిన్నప్పుడు మీ అన్నయ్యతో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళావుగా?"

"వెళ్ళాను. మానేశాను."

"తెలుసు. పరీక్ష రాయకుండా మానేశావు. ఆయన ఇప్పటికీ చెబుతుంటారు."

పరికరాల గది అధికారి లేజర్ వాచీ ఇచ్చాడు, పొగ వదిలే పెన్ను ఇచ్చాడు. ఈ పనికి కావలసినదల్లా కెమెరా ఉన్న కళ్ళజోడు. అది ఛార్జింగ్‌కి పెట్టాడు గానీ స్విచ్ వేయడం మరిచిపోయాడట. చివరికి చెవిలో పెట్టుకునే చిన్న ఫోన్ ఒక్కటి దక్కింది. అంటే వదిన వినగలదు, చూడలేదు. స్క్రీన్ మీద ఏముందో చిటపట నోటితో వర్ణించాలి. వర్ణనలు చేసే ఓపికే ఉంటే అతను ఇంకేదైనా ఉద్యోగం చేసుకునేవాడు.

*

దుబాసీ భవనం కింద కాఫీ హోటల్లో ముత్యం ఎదురుచూస్తోంది. మెడలో ముత్యాల సరం, చెవులకు ముత్యాలు. ఆమె పేరు ఎవరూ అడగలేదు, ఆ పేరే స్థిరపడింది. దుబాసీ దగ్గర సెక్రటరీ. మన రహస్యాలు తనకు తెచ్చిపెడుతోందని దుబాసీ నమ్మకం. వాడి రహస్యాలు మనకు చేరవేస్తోందని పెద్దాయన నమ్మకం. ఇద్దరిలో ఒకడు పప్పులో కాలేసినట్టే. ఎవరన్నది మాత్రం పెద్దాయన కూడా గట్టిగా చెప్పలేడు.

చిటపట ఏసీ మెకానిక్ వేషంలో ఉన్నాడు. ఖాకీ చొక్కా, చేతిలో సంచి, భుజాన దుమ్ము గుడ్డ. ఆమె పక్క కుర్చీ లాక్కుంటూ కోడ్‌వర్డు అన్నాడు.

"ఈ లిఫ్టు పైకి వెళ్తుందాండీ?"

"వెళ్తుంది. కిందికి రావడమే కాస్త బద్ధకం," అంది ముత్యం. తర్వాత కప్పు చాటు నుంచి చెప్పింది. "డాబా మీద ఏసీ మిషన్ పొద్దున్నే పాడుచేశాను. ఉక్కకి తట్టుకోలేక స్టాఫంతా బయటికి పోయారు. ఆయన్ని కాఫీకి పిలిచాను, దిగి వస్తున్నాడు. ఎంతసేపు కూర్చోబెట్టగలనో చెప్పలేను. పాస్‌వర్డు వానవిల్లు. ఇంగ్లీషు అక్షరాలు, అన్నీ చిన్నవి, 'వా'కి 'ఏ' రెండుసార్లు."

"ఖాయమేనా?"

"రోజూ నేనే కొడతాను. ఆయన కీబోర్డు ముట్టుకోడు. అన్నీ నోటితో చెబుతాడు, నేను కొట్టాలి."

*

దుబాసీ గది నిండా నిఘంటువులు, సగం తాగి వదిలేసిన టీ కప్పులు. ప్రతి బల్ల మీదా ఒక్కో దేశం కీబోర్డు. కిటికీ పక్క బల్ల మీద కావలసిన మెషీన్ వెలుగుతోంది. చిటపట కూర్చున్నాడు. స్క్రీన్ మధ్యలో ఒక చిన్న కిటికీ, అదే కన్సోల్. లోపలికి రావాలంటే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కమంటోంది. నొక్కాడు.

స్క్రీన్ మొత్తం నీలంగా మారింది. మెషీన్ లాక్ చేయమంటారా, ఆపేయమంటారా అని అడుగుతోంది.

"వదినా, ఇదేదో నీలంగా వచ్చింది."

"అయ్యో, ముందే చెప్పాల్సింది. ఆ మూడూ కలిపి నొక్కితే నీ ముందున్న మెషీనే తినేస్తుంది. అవతలికి పంపదు. క్యాన్సిల్ చెయ్. కన్సోల్ పైన మెనూలో వాటిని పంపించే బటన్ వేరే ఉంటుంది."

నొక్కమన్నది నొక్కితే తప్పు, నొక్కడానికి ఇంకో బటన్ నొక్కాలి. ఎవడు కనిపెట్టాడో గానీ వాడు చిటపటకు కనబడకుండా ఉంటే మంచిది. మెనూ వెతికి పంపాడు. సర్వర్ ఎవరి పేరూ అడగలేదు. నిన్న వచ్చినవాళ్ళ పేరే గుర్తుపెట్టుకుని పాస్‌వర్డు పెట్టె ఒక్కటి చూపించింది.

వానవిల్లు కొట్టాడు. పెట్టెలో ఏమీ పడలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. అప్పుడు చుక్కలన్నీ ఒక్కసారిగా గుంపుగా వచ్చి పడ్డాయి, పెట్టె చివరిదాకా. ఎంటర్ కొట్టాడు. తప్పు అంది.

వదిన విషయం చెప్పింది. కీ నొక్కినప్పుడు అవతలికి ఒక కబురు వెళ్తుంది, వదిలినప్పుడు ఇంకో కబురు వెళ్తుంది. ఈ లైను బాగా స్లో. వదిలిన కబురు దారిలో ఆలస్యమైతే, ఇతను ఇంకా నొక్కిపెట్టే ఉన్నాడనుకుని సర్వర్ ఆ అక్షరాన్నే వరసగా వేసుకుంటుంది. కాబట్టి తగిలీ తగలనట్టు కొట్టాలి. ఒక చుక్క పడేదాకా ఆగి, అప్పుడు రెండోది కొట్టాలి. ఇంకో సంగతి కూడా చెప్పింది. మరీ ఎక్కువసార్లు తప్పితే సర్వర్ ఆ ఖాతానే మూసేస్తుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

చిటపటకు ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు. ఒక కీ, ఒక చుక్క. చెమట కళ్ళలోకి కారుతోంది. తుడుచుకుంటే మోచెయ్యి ఇంకేదో కీకి తగులుతుందని తుడుచుకోలేదు. అక్షరాలెన్నో చుక్కలూ అన్నే పడ్డాయి. ఎంటర్.

తప్పు.

"సరిగ్గానే కొట్టావా?"

"ఒక్కో కీ చూసి చూసి కొట్టాను వదినా. చుక్కలు కూడా లెక్కకి సరిపోయాయి."

కీబోర్డు పాడైందేమో, అదే మెషీన్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి కొట్టి చూడమంది వదిన. కొట్టాడు. వానవిల్లు ముద్దుగా, తప్పులేకుండా పడింది. దాన్నే కాపీ చేసుకెళ్ళి కన్సోల్‌లో పేస్టు చేశాడు. ఏమీ పడలేదు. అది అక్షరాలు తీసుకోదని, నొక్కుళ్ళు మాత్రమే తీసుకుంటుందని వదిన అంది. ఆ మాటలో ఉన్న కీలకం అప్పటికి ఇద్దరికీ తట్టలేదు.

చిటపటకు తట్టింది వేరే. కీబోర్డు బాగానే ఉంది, తను సరిగ్గానే కొట్టాడు. ఇంక తప్పు ఎక్కడుంటుంది?

"సార్, ముత్యం మనల్ని ముంచింది. పాస్‌వర్డు అబద్ధం."

లైన్లో పెద్దాయన ఊపిరి వినిపించింది. "ఆమె వెనక టేబుల్ దగ్గర మనవాళ్ళు ఉన్నారు. నువ్వు ఊఁ అంటే పట్టుకుంటారు. నిజం కక్కిస్తారు."

"ఆగండి," అంది వదిన. "ఆమెని పట్టుకుంటే దుబాసీ ఊరుకుంటాడా? హోటల్ నిండా వాడి మనుషులే. వాళ్ళు అడ్డుపడేలోగా వాడు పైకి పరుగెత్తుకొచ్చి గేటు తెరుస్తాడు."

"ఆమె అబద్ధం చెప్పి ఉంటే ఎలాగూ తెరుచుకుంటుంది వదినా. కనీసం ప్రయత్నం చేద్దాం."

"లోపల ఉన్నది నా మొగుడు. నేనే ఆగమంటున్నాను. నువ్వు ఆగలేవా?"

చిటపట పళ్ళు కొరుక్కున్నాడు. ఊఁ అనలేదు. నోట్‌ప్యాడ్ నుంచి ఆల్ట్, ట్యాబ్ నొక్కి మళ్ళీ కన్సోల్‌లోకి వచ్చాడు. ఈసారి కన్సోల్‌కి పూర్తిగా పిచ్చెక్కింది. అక్షరం కొడితే అక్షరం పడదు. ఏదో మెనూ తెరుచుకుంటుంది. మూస్తే ఇంకోటి తెరుచుకుంటుంది. బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. టీ కప్పు ఎగిరిపడి నిఘంటువు తడిసింది.

వర్ణన విని వదిన అంది, "ఆల్ట్ అవతల ఇరుక్కుపోయింది. ఒక్కసారి ఆల్ట్ నొక్కి వదిలెయ్."

"నేనెప్పుడో వదిలేశాను!"

"నువ్వు వదిలేశావు. వదిలేసినట్టు దానికి కబురు అందలేదు. నువ్వు విండో మారినప్పుడు ఆ కబురు మధ్యలో పోయింది. నొక్కే ఉన్నావనుకుంటోంది అది. మళ్ళీ నొక్కి, దానికి తెలిసేలా వదులు."

నొక్కాడు, వదిలాడు. మెనూలు సద్దుమణిగాయి. ఒక మనిషిని వదిలేయడం కంటే ఒక కీని వదిలేయడానికి ఎక్కువ మర్యాదలు కావలసి రావడం చిటపటకు చాలా అన్యాయంగా అనిపించింది.

అప్పుడు వదిన ఇంకో మార్గం చెప్పింది. పాస్‌వర్డు పెట్టెలో అన్నీ చుక్కలే కాబట్టి ఏం పడుతోందో తెలియదు. పేరు రాసే పెట్టెలో చుక్కలుండవు. 'వేరే పేరుతో' అన్న చోట నొక్కి, ఆ పేరు పెట్టెలో వానవిల్లు కొట్టి, ఏం కనబడుతోందో చదవమంది.

చిటపట కొట్టాడు. చదవబోయి ఆగాడు.

"వి. క్యూ, క్యూ. ఎన్. మళ్ళీ క్యూ... వదినా, నేను ఏ కొట్టిన ప్రతిచోటా క్యూ పడింది."

అవతల ఆ పొద్దుటి నుంచి మొదటిసారి వదిన నవ్వింది.

"అది ఏ దేశం కీబోర్డు?"

చిటపట అప్పుడు చూశాడు కీబోర్డు మొత్తాన్ని. ఏ ఉండాల్సిన చోట క్యూ ఉంది, క్యూ ఉండాల్సిన చోట ఏ ఉంది. ఎమ్ ఎక్కడో కుడివైపు చివరికి పోయి కూర్చుంది. చుక్కలు, గీతలు అన్నీ తలో దిక్కుకు పోయాయి. "వాళ్ళ దేశానిది. కానీ నోట్‌ప్యాడ్‌లో సరిగ్గానే పడింది కదా!"

"నోట్‌ప్యాడ్ ఆ మెషీన్‌ది. అది వాళ్ళ దేశం కీబోర్డని దానికి తెలుసు. సర్వర్‌కి తెలియదు. కన్సోల్ నుంచి దానికి అక్షరాలు వెళ్ళవు. ఏ వరసలో ఎన్నో కీ నొక్కావో అది వెళ్తుంది. అవతల మన కీబోర్డే ఉందనుకుని అది చదువుకుంటోంది. ఏ కావాలంటే క్యూ అని రాసిన దాని మీద నొక్కు."

పాత పేరుకే తిరిగొచ్చి, పాస్‌వర్డు పెట్టెలో ఏ ఉన్నచోటల్లా క్యూ మీద నొక్కాడు. మెల్లగా, చుక్క చుక్కకీ ఆగుతూ. ఎంటర్.

సర్వర్ లోపలికి రానిచ్చింది.

"ముత్యం జోలికి వెళ్ళొద్దు సార్. ఆమె నిజమే చెప్పింది," అన్నాడు చిటపట. గొంతులో సిగ్గు దాచుకోలేకపోయాడు.

*

పండగ చేసుకునే వీల్లేదు. గేటును బిగించి, సొరంగం తలుపు తెరవాలంటే పొడుగాటి కమాండ్ ఒకటి కొట్టాలి. వదిన అక్షరం అక్షరం చెప్పడం మొదలుపెట్టింది. అందులో ఏలు, ఎమ్‌లు, అడ్డగీతలు, రెండు చుక్కలు అన్నీ ఉన్నాయి. అడ్డగీత అని రాసి ఉన్న కీ కొడితే ఆరు అంకె పడింది. చెరిపాడు. ఎమ్ కొడితే సెమీకోలన్ పడింది. చెరిపాడు. చెరిపే కీ స్లో లైను మీద ఇరుక్కుని మంచి అక్షరాలు కూడా తినేసింది. ఇదే సమయంలో చెవిలో పెద్దాయన గొంతు: దుబాసీ కాఫీ హోటల్లోంచి లేచాడు. ముత్యం బిల్లు గురించి పేచీ పెట్టుకుని ఆపడానికి చూసింది గానీ లాభం లేకపోయింది.

"ఏ కీ ఎక్కడికి పోయిందో ఒక్కోటీ వెతికే టైము లేదు," అంది వదిన. "కీబోర్డు చూడకు. దాని మీద ఏం రాసుందో మరిచిపో. నీ వేళ్ళకి తెలుసు."

"నా వేళ్ళకి ఏమీ తెలియదు వదినా. నేను మానేశానని చెప్పానుగా."

"పరీక్ష ఎగ్గొట్టావు. నేర్చుకోవడం ఎగ్గొట్టలేదు. మీ అన్నయ్యే చెప్పారు, నువ్వు ఆయన కంటే బాగా కొట్టేవాడివట."

ఈ సంగతి అన్నయ్య అతనితో ఎప్పుడూ అనలేదు.

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు పిల్లల చేతుల మీద గుడ్డ కప్పేవాడు, కీలు చూడకుండా. పక్క మెషీన్ మీద కూర్చుని అన్నయ్య గొణిగేవాడు: ఆగి కొట్టరా, అక్షరం పడనీ. తొందరలో మెషీన్‌లో రెండు అక్షరాల కమ్మీలు ఒకదానికొకటి చిక్కుకుంటే అన్నయ్యే లేచొచ్చి విడదీసేవాడు. చిటపట భుజం మీది దుమ్ము గుడ్డ తీసి చేతుల మీద కప్పుకున్నాడు. ఎడమ చిటికెన వేలు ఏ మీద, తర్వాతి వేళ్ళు వరసగా. కళ్ళు స్క్రీన్ మీద. రాసి ఉన్నదంతా అబద్ధం, వేలు ఉన్న చోటే నిజం.

వదిన చెబుతోంది. అతను కొడుతున్నాడు. ఒక అక్షరం, ఆగడం. ఒక అక్షరం, ఆగడం. ఒళ్ళంతా పరుగెత్తమంటోంది, వేళ్ళు మాత్రం ఆగుతున్నాయి. అలా ఆగడం అతను జీవితంలో చేసిన పనులన్నింటిలోకీ కష్టమైనది. బయట లిఫ్టు బయలుదేరిన చప్పుడు. ఈ భవనంలో లిఫ్టు పనిచేస్తుంది, దరిద్రం!

"అయింది. ఎంటర్ కొట్టు. అది నిజంగా ఆపాలా అని అడుగుతుంది. వై కొట్టి మళ్ళీ ఎంటర్. విను, ప్రతిసారీ ఒక్కసారే. ఇంకో ఎంటర్ ఎక్కువ పడితే వద్దు అన్నట్టే, మొత్తం మళ్ళీ కొట్టాలి."

ఎంటర్ కొట్టాడు. స్క్రీన్ కదల్లేదు.

మిల్లు సైరన్ మొదట గురకలా మొదలై మెల్లగా గొంతు పెంచుకుంటోంది. స్క్రీన్ కదల్లేదు. చిటపట వేలు ఎంటర్ మీద గాల్లో నిలబడి ఉంది. ఇంకొక్కసారి కొడితే ఏమవుతుంది, మొదటిది పోయిందేమో, అందలేదేమో. లిఫ్టు బటన్లు, కాలింగ్ బెల్లులు, వీధి దాటే దీపం బటన్లు, జీవితమంతా ఇంకొక్కసారి నొక్కుతూనే బతికిన వేలు అది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఆపాడు.

ప్రశ్న వచ్చింది. వై. పడేదాకా ఆగాడు. ఎంటర్, ఒక్కసారే.

సైరన్ తారస్థాయికి వెళ్ళింది. కన్సోల్‌లో ఒక వరస పడింది. రద్దు అయినట్టు, గేటు బిగిసినట్టు, తలుపు తాళం వదిలినట్టు. చిటపట మెనూలోంచి లాగాఫ్ చేశాడు. చెవిలో వదిన ఇంకో ఫోన్లో ఆనకట్ట దగ్గరి వాళ్ళతో మాట్లాడుతోంది.

"తలుపు తెరుచుకుందట," అంది అంతలోనే. ఏడుస్తోంది. "అందరూ బయటికి వస్తున్నారు. ఆయన లోపల పానా మరిచిపోయానని మళ్ళీ దిగబోతే పట్టుకుని లాగారట."

గది తలుపు తెరుచుకుంది. దుబాసీ తెల్లటి సూటులో, చేతిలో చిన్న పిస్తోలుతో నిలబడ్డాడు. వెనకే ముత్యం.

"ఏసీ బాగైంది సార్," అన్నాడు చిటపట.

దుబాసీ పిస్తోలుతో అతన్ని పక్కకు జరిపాడు. కన్సోల్ చూడగానే సంగతి అర్థమైంది. పిస్తోలు చిటపట మీదే ఉంచి, ముత్యం వైపు తిరక్కుండానే చెప్పాడు. "పాస్‌వర్డు కొట్టు. గేటు ఇప్పుడే తెరవాలి."

"ఉద్యోగం మానేశాను సార్," అంది ముత్యం.

ఏడు భాషల దుబాసీ ఎనిమిదో విద్యగా టైపింగు చేయవలసి వచ్చింది. ఎడమ చేత్తో, ఒకే వేలుతో, కీల మీద రాసింది చూసి చూసి, కోపంతో గట్టిగా పొడిచాడు. ఏమీ పడలేదు. ఇంకా గట్టిగా పొడిచాడు. చుక్కలు గుంపుగా వచ్చి పడ్డాయి. తప్పు అంది. మళ్ళీ కొట్టాడు. తప్పు. మళ్ళీ. చిటపటకు ఆ మనిషి మీద ఒక్క క్షణం నిజంగా జాలి కలిగింది. ఖాతా మూసేశామని సర్వర్ ప్రకటించినప్పుడు దుబాసీ పిస్తోలు సంగతి మరిచిపోయి రెండు చేతులతో కీబోర్డును బాదాడు. బల్ల మీద ఉండిపోయిన పిస్తోలును ముత్యం తీసుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఇప్పుడు వినిపించినా ఫర్వాలేదు.

"ఆ కీబోర్డు మీద ఏ, క్యూ తారుమారై ఉన్నాయని ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా? మిమ్మల్ని అరెస్టు చేయించబోయాను," అన్నాడు చిటపట, వాడికి బేడీలు వేస్తుండగా.

ముత్యం వంగి కీబోర్డు చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"అయ్యో, ఔనా? నేనెప్పుడు చూశానండీ! చూసి కొడితే మా మాస్టారు స్కేలుతో కొట్టేవాడు."

*

సాయంత్రం వదిన ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మోగుతుంటే చిటపట అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఎత్తాడు. మాట్లాడింది అన్నయ్య.

"ఏరా. మీ వదిన చెయ్యమని చంపుతోంది. పొద్దున సొరంగం తలుపు ఇరుక్కుపోయి చచ్చేంత పనైంది మాకు. ఎవడో తెలివితక్కువ వెధవ కంప్యూటర్లో ఏదో తప్పు కొట్టి ఉంటాడు. మీ లిఫ్టుల కంపెనీలో ఓపికున్న మెకానిక్ ఎవరైనా ఉంటే చెప్పు, ఆ తలుపు చూపిద్దాం."

చిటపటకు ఎక్కడో చుర్రుమంది. నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాడు. ఆ రోజు ఆగడం అలవాటైంది.

"అన్నయ్యా, ఆ భోజనాల రోజు కోపం నేను ఎప్పుడో వదిలేశాను."

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు.

"అది ఇన్నాళ్ళకా చెప్పేది?"

"లైను బాగా స్లో అన్నయ్యా," అన్నాడు చిటపట.